పెరట్లో పేరు తెలియని చెట్టు



విశాఖపట్నంలో పాత ఇల్లు కొన్నవాళ్లకీ, తాతల నాటి ఇంటికి మళ్లీ చేరినవాళ్లకీ ఒక చిక్కు ఎదురవుతూ ఉంటుంది. దస్తావేజులో ఎన్ని గజాలో ఉంటుంది, తూర్పున ఎవరి ప్రహరీ, పడమర ఏ రోడ్డు అన్నీ ఉంటాయి. పెరట్లో మేడను దాటి పెరిగిన చెట్టు ఊసు మాత్రం ఏ కాగితంలోనూ ఉండదు. ఇరుగుపొరుగుని అడిగితే ముగ్గురు మూడు పేర్లు చెబుతారు. ఇల్లు అమ్మినాయన, "అది ఎప్పట్నుంచో ఉందండీ" అని ఊరుకుంటాడు. పైపులు వేయడానికి వచ్చిన మేస్త్రీ, "వేళ్లు పునాదిలోకి దిగిపోతాయి సార్, కొట్టించేయండి" అంటాడు. పేరు ఎవరికీ తెలియకుండానే తీర్పు వచ్చేసింది.

ఆ తీర్పుకి ముందు చేయవలసిన పని గురించి ఈ పూట నాలుగు మాటలు చెబుతాను. ఎదిగిన చెట్టును గుర్తుపట్టడానికి శాస్త్రం చదివి ఉండనక్కర్లేదు. కావలసింది ఓపిక, అదీ ఒక ఏడాది పాటు. ఆకు ఒక్కటి చూసి పేరు పెట్టాలనుకోవడం వల్లే పొరపాట్లన్నీ వస్తాయి.

ముందు ఈ ఊరి సంగతి. మన పెరళ్లలో తెలియని చెట్లు ఇన్ని ఉండడానికి కారణాలున్నాయి. 1933లో రేవు తెరిచేనాటికే వాల్తేరు ఎగువన బంగళాలు వెలిశాయి. రైల్వే క్వార్టర్లు, వాటి చుట్టూ విశాలమైన ఆవరణలు వచ్చాయి. అలాంటి ఆవరణల్లో నీడకోసమో అందంకోసమో పెంచిన చెట్లలో చాలావాటి పుట్టిల్లు ఈ దేశం కాదు. ఎర్రగా పూసే గుల్‌మొహర్ మడగాస్కర్ ద్వీపానిది. సాయంత్రమయ్యేసరికి ఆకు ముడుచుకునే నిద్రగన్నేరు, కాండం మీదే పువ్వులూ, పెద్ద పెద్ద గుండు కాయలూ కాసే నాగమల్లి అమెరికా ఖండం నుంచి వచ్చినవి. మన పిల్లలు రాళ్లు వేసి కొట్టుకు తినే సీమచింత కూడా అటునుంచి వచ్చిందే. ఉక్కు కర్మాగారం వచ్చాక పల్లెలు, పొలాలు ఉన్నచోట ఉక్కునగరం లేచింది. అక్కడ వరసలుగా నాటినవి వేరే రకం చెట్లు. ఇక మధురవాడ, అడవివరం, పెందుర్తి వైపు లేఅవుట్లలో కథ ఇంకో విధంగా ఉంది. అక్కడ చెట్టు పెరట్లోకి రాలేదు, ఇల్లే చెట్టు దగ్గరికి వెళ్లింది. సింహాచలం కొండ అంచున ఎప్పటినుంచో ఉన్న అడవి చెట్టు చుట్టూ ప్రహరీ కట్టి, ఇది మా పెరటి చెట్టు అంటున్నాం. దాని పేరు బస్తీవాళ్లకు తెలియకపోవడంలో వింత లేదు.

అన్నిటినీ మించినది హుద్‌హుద్ తుపాను. 2014 అక్టోబరు 12, ఆదివారం. గంటకు 180 కిలోమీటర్ల దరిదాపు గాలి ఊరి మీదికి వచ్చింది. మర్నాడు లేచి చూస్తే కొండలు గోధుమరంగులో ఉన్నాయి. నిలబడ్డ చెట్టుకు కూడా ఆకు లేదు. ఆ బాధలో, త్వరగా మళ్లీ పచ్చబడాలన్న ఆత్రంలో, త్వరగా పెరిగే మొక్కలు ఎక్కడ దొరికితే అక్కణ్ణించి తెచ్చి నాటుకున్నాం. వీధిలో నాటారు, కాలనీ పార్కులో నాటారు, మిగిలినవి ఇంటికి తీసుకెళ్లి గోడవార పెట్టుకున్నవాళ్లూ ఉన్నారు. మొక్క చేతికిచ్చినవాళ్లు పేరు చెప్పలేదు, తీసుకున్నవాళ్లు అడగలేదు. ఆ మొక్కలు ఇప్పుడు రెండో అంతస్తు కిటికీలోకి చూస్తున్నాయి.

సరే, పేరు ఎలా తెలుసుకోవాలి? అందరూ ముందు తలెత్తి పైకి చూస్తారు. నేనైతే ముందు కింద చూడమంటాను. చెట్టు ఏడాది పొడుగునా తన సంగతులు నేలమీద వదులుతూనే ఉంటుంది. రాలిన పువ్వు, ఎండిన కాయ తొక్క, గింజ, దూది పింజె, వీటిలో ఒక్కటి దొరికినా సగం పని అయిపోయినట్టే. పైన కొమ్మల్లో కనపడని పువ్వు తెల్లవారేసరికి వాకిట్లో ఉంటుంది.

అందుకే ఇంట్లో చెట్టు గురించి అందరికంటే ఎక్కువ తెలిసిన మనిషి ఇంటి యజమాని కాడు, వాకిలి ఊడ్చే మనిషి. ఆవిణ్ణి అడిగి చూడండి. "అమ్మా, ఈ చెట్టు ఆకు ఎప్పుడు రాలుస్తుంది?" అంటే ఆలోచించకుండా చెబుతుంది. "సంకురాత్రి ఎల్లినకాణ్ణించి మొదలెడతాది బాబూ. శివరాత్రికి బోడైపోతాది. అప్పుడు ఎర్ర పువ్వులు, ఇంతింతేసి, తప్పుతప్పుమని రాలతాయి. కాకులు, గోరింకలు ఒకటే గోల. ఎండలు ముదిరితే దూది. ఆ దూది ఊడవలేక సచ్చిపోతాను." ఇంకేం కావాలి? అది బూరుగు. మాఘంలో ఆకు రాల్చడం, ఆకు లేకుండా పెద్ద ఎర్ర పూలు పూయడం, మకరందం కోసం పిట్టలు చేరడం, వేసవిలో కాయ పగిలి దూది ఎగరడం, నాలుగు గుర్తులూ ఆవిడ నాలుగు ముక్కల్లో చెప్పేసింది. గుర్తుపట్టడానికి చదువుకున్నవాడు చూసేవీ ఇవే.

ఇక ఆకు దగ్గరికి వద్దాం. రేవు పక్కన జ్ఞానాపురం, వన్‌టౌన్ వైపు ఉన్నవాళ్లకు ముందుగా ఒక మాట. ఆకు కోసి తెచ్చి, ముందు నీళ్లతో కడగండి. బొగ్గు దుమ్ము, ఖనిజం దుమ్ము పేరుకున్న ఆకు అసలు రంగు, మెరుపు, నూగు ఏవీ తెలియవు. సముద్రపు ఒడ్డున లాసన్స్ బే వైపు ఇంకో చిక్కు, ఉప్పుగాలికి ఆకు అంచులు మాడిపోతాయి, చెట్టు మొత్తం ఊరివైపు వాలిపోయి ఉంటుంది. పుస్తకంలో బొమ్మకూ దానికీ పోలికే ఉండదు. అలాంటి చోట గాలి చాటున పెరిగిన రెమ్మే చూడాలి. వేరు దగ్గర మొలిచిన పిలకల ఆకు, కొట్టేసిన కొమ్మ దగ్గర గుబురుగా వచ్చిన లేత ఆకు కూడా నమ్మదగినవి కావు. వాటి సైజు అసలు ఆకుకు రెండింతలు కూడా ఉంటుంది.

విశాఖలో ఎక్కువమందిని తికమకపెట్టే చెట్లు మూడున్నాయి. వాటి దగ్గర కొంచెం ఆగుతాను. మూడింటికీ ఆకులు అరచేతి వేళ్లలా విచ్చుకుని ఉంటాయి. లెక్కపెడితే ఐదో, ఏడో, తొమ్మిదో వస్తాయి. ఒకటి ఇప్పుడు చెప్పిన బూరుగు. రెండోది గుర్రపు బాదం. మూడోది ఏడాకులపాల. కింద నిలబడి చూస్తే ఒకటే అనిపిస్తాయి. ఫోన్లో ఫొటో తీసి పెడితే ఫోనూ అలాగే అనుకుంటుంది.

తేడా పట్టే కిటుకు ఒకటుంది. ఆకు కాడ కొమ్మను తాకే చోట పైవైపు మూలలో చిన్న మొగ్గ ఉంటుంది. మొగ్గ ఎక్కడుంటే ఆకు అక్కడ మొదలైనట్టు. బూరుగులో, గుర్రపు బాదంలో ఆ మొగ్గ పొడుగాటి కాడ మొదట్లో ఉంటుంది, వేళ్ల దగ్గర ఉండదు. అంటే ఏడు వేళ్లూ కలిసి ఒకటే ఆకు. పండి రాలేటప్పుడు వేళ్లు విడిపోయినా, కాడ దాని మానాన అది రాలుతుంది. ఏడాకులపాలలో అలా కాదు. అక్కడ కొమ్మ కణుపు చుట్టూ ఏడు విడి ఆకులు గుండ్రంగా అమరి ఉంటాయి. దేని మొగ్గ దానిదే, దేని రాలడం దానిదే. పేరుకు ఏడు గాని, నాలుగు నుంచి పది దాకా కనిపిస్తాయి. ఒక ఆకు తుంచి చూడండి. తెల్లటి పాలు కారితే ఏడాకులపాల. మిగతా రెంటికీ పాలుండవు. పాలు కంట్లో పడకుండా చూసుకోండి, చెయ్యి కడుక్కోండి.

పాలు లేవంటే బూరుగా, గుర్రపు బాదమా తేల్చాలి. బూరుగు మానుకు శంకువుల్లా మొనదేలిన ముళ్లుంటాయి. ఐతే ముసలి చెట్టుకు మొదట్లో ముళ్లు అరిగి రాలిపోతాయి, కాబట్టి మాను నున్నగా ఉందని తొందరపడకండి, పై కొమ్మలు చూడండి. మాను పచ్చగా ఉండి, కొమ్మలు అంతస్తులుగా అడ్డంగా చాచుకుని ఉంటే అది తెల్లబూరుగు, దిండ్లలో కూరే దూది దానిది. గుర్రపు బాదానికి ముళ్లుండవు. ఉండవలసిన గుర్తు మరొకటి ఉంది, దాన్ని తప్పించుకోవడం ఎవరి తరమూ కాదు. చలి తగ్గి కొత్త చిగురు వచ్చే రోజుల్లో మురికిరంగు ఎరుపులో చిన్న చిన్న పూలు పూస్తాయి. ఆ పూల కంపుకి ఇంట్లోవాళ్లు ముందు సెప్టిక్ ట్యాంకు మూత తీసి చూస్తారు, తరువాత డ్రైనేజీవాళ్లకు ఫోను చేస్తారు, ఆ తరువాత పక్కింటివాళ్లతో గొడవ పడతారు. చెట్టు వైపు చూసేవాడు ఉండడు. దాని కాయ పెద్దది, చెక్కలా గట్టిది, ఎర్రగా పండి విచ్చుకుంటే లోపల నల్లటి గింజలు కనిపిస్తాయి.

ఏడాకులపాల గొడవ దీనికి పూర్తిగా వేరు. హుద్‌హుద్ తరువాత ఊళ్లో విరివిగా నాటిన చెట్లలో అదొకటి. త్వరగా ఎదుగుతుంది, గొడుగు పట్టినట్టు నీడనిస్తుంది, పశువులు ముట్టవు. ఆశ్వయుజం, కార్తికం వచ్చేసరికి ఆకుపచ్చ తెలుపు కలిసిన గుత్తులు పూసి, రాత్రిపూట వీధంతా ఘాటైన వాసన. కొందరికి అది సువాసన. కొందరికి తలనొప్పి. ఉబ్బసం ఉన్నవాళ్లు ఆ నెలలో కిటికీలు తెరవలేకపోతున్నామని మొరపెట్టుకోవడం, చెట్లు కొట్టేయమని అడగడం మన నగరంలో జరుగుతున్నదే. వాళ్ల బాధ కొట్టిపారేయలేం. అదే చెట్టు పశ్చిమ బెంగాల్‌లో రాష్ట్ర వృక్షం, శాంతినికేతనంలో విశ్వభారతి స్నాతకోత్సవంలో పట్టా పుచ్చుకునేవాళ్ల చేతికి దాని ఆకులే ఇస్తారు. దాని చెక్కతో ఒకప్పుడు పలకలు చేసేవారు కనుకే శాస్త్రనామంలో స్కాలారిస్ అని చేరింది. చెట్టుది తప్పు కాదు, ఇరుకు వీధిలో పడకగది కిటికీ పక్కన దాన్ని నాటిన మనది. పేరు ముందే తెలిసి ఉంటే మైదానంలో నాటేవాళ్లం.

పాల పరీక్ష ఇంకో చోట కూడా అక్కరకొస్తుంది. హృదయాకారపు ఆకు చూసి రావి అనుకుని, దేవుడి చెట్టు ఇంట్లో ఉండకూడదని కంగారుపడేవాళ్లు వస్తుంటారు. ఆకు తుంచి చూడమంటాను. పాలు కారి, ఆకు కొస తోకలా పొడుగ్గా సాగి ఉంటే రావే. పాలు లేకుండా, మందారాన్ని పోలిన పసుపు పువ్వు పూసి, ఆ పువ్వు వాడేటప్పుడు ఎర్రబారితే అది గంగరావి. సముద్రతీరపు చెట్టు, ఉప్పుగాలికి ఓర్చుకుంటుంది, బీచ్ దగ్గర ఇంటికి అంతకంటే మంచి చెట్టు దొరకదని నా అభిప్రాయం.

ఇక అశోకం. మన కాలనీల్లో గోడవార నిటారుగా స్తంభాల్లా పెరిగి, వంపులు తిరిగిన పొడుగాటి ఆకులు కిందికి వేలాడేసుకున్నదాన్ని అందరూ అశోకచెట్టు అంటారు. అది నరమామిడి. అసలు అశోకం పొట్టిగా, గుబురుగా ఉంటుంది. ఒక్కో కాడకు నాలుగైదు జతల ఆకులుంటాయి, లేతాకులు రాగిరంగులో వాలిపోయి ఉంటాయి, నారింజ రంగు గుత్తులు కొమ్మనే అంటిపెట్టుకుని పూస్తాయి. నరమామిడికి అలాంటి పువ్వు లేదు. కనపడీ కనపడని ఆకుపచ్చ పువ్వు దానిది. ఔషధం కోసమని దాని బెరడు గీకి కషాయం కాచుకున్న ఇల్లు నాకు తెలుసు. పేరు తప్పితే వచ్చే నష్టాల్లో ఇది తేలికైనది.

తేలిక కానిది కూడా చెబుతాను. కొండ పక్క లేఅవుట్లలో ముష్టి చెట్టు మిగిలి ఉండడానికి వీలుంది. మెరిసే ఆకులు, మొదలునుంచి కొస దాకా సాగే మూడు నుంచి ఐదు ఈనెలు, కమలాపండులా నున్నటి నారింజరంగు పండు. గింజ బిళ్లలా గుండ్రంగా బల్లపరుపుగా ఉంటుంది. ప్రాణం తీసే విషం. దాని దగ్గరి చుట్టం చిల్ల. దానికీ ఆకులు ఆ తీరునే ఉంటాయి గాని, పండు చిన్నది, పండితే నల్లగా అవుతుంది. గింజ అరగదీసి మడ్డినీళ్లలో వేసి తేటపరుచుకోవడం మన పల్లెల్లో పాత అలవాటు. ఒకే ఇంటిపేరున్న రెండు చెట్లు. కనుక పేరు తేలేదాకా కాయ గాని, గింజ గాని నోట పెట్టవద్దు, పిల్లలను పెట్టనివ్వవద్దు. వాసన చూడండి, నలిపి చూడండి, రుచి మాత్రం చూడకండి.

గుల్‌మొహర్‌కీ పచ్చతురాయికీ పువ్వుల్లేని రోజుల్లో తేడా చెప్పమని అడుగుతారు. కాయ చూస్తే సరి. గుల్‌మొహర్ కాయ మూరెడు పొడుగు, నల్లగా గట్టిపడి ఏడాదిపాటు వేలాడుతుంది. పచ్చతురాయిది బెత్తెడు లోపు పలుచటి రాగిరంగు కాయ.

ఈ పనంతా మనకు కొత్త కాదు. ఈ తీరాన దీనికి రెండు వందల ఏళ్లు దాటిన చరిత్ర ఉంది. 1780లలో పాట్రిక్ రస్సెల్ అనే వైద్యుడు విశాఖపట్నంలో ఉండేవాడు. ఆయన తమ్ముడు ఇక్కడ ఈస్టిండియా కంపెనీ అధికారి. రస్సెల్ పేరు ఇప్పుడు పాముల పుస్తకాల్లోనే వినపడుతుంది, రక్తపింజరి శాస్త్రనామంలో ఉన్నది ఆయన పేరే. కాని కంపెనీ తరఫున ఈ తీరపు మొక్కలను చూసే ఉద్యోగం కూడా ఆయనదే. ఆయన తరువాత ఆ పని సామర్లకోటలో ఉన్న విలియం రాక్స్‌బర్గ్‌కు వచ్చింది. రాక్స్‌బర్గ్ మన దేశపు చిత్రకారులచేత మొక్కల బొమ్మలు వేయించాడు. వాటిలోంచి ఏరిన 300 బొమ్మలతో కోరమాండల్ తీరపు మొక్కల పుస్తకం 1795 నుంచి మూడు సంపుటాలుగా లండన్‌లో అచ్చయింది. మొదటి సంపుటానికి ముందుమాట రస్సెల్‌దే. ఆ పుస్తకంలో చాలా మొక్కలను తెలుగువాళ్లు ఏమంటారో రాసి ఉంటుంది. అంటే ఆ దొర కూడా ముందు అడిగింది చెట్టు కింద ఉన్న మనిషినే. సోమిడ చెట్టు శాస్త్రనామం సోయ్‌మిడా అలా మన నోటి మాటనుంచే వెళ్లింది. ఆ తరువాత గాంబుల్ అనే ఆయన మద్రాసు రాజధాని మొక్కల మీద రాశాడు. మన కాలానికి వస్తే, భారత వృక్ష సర్వేక్షణ సంస్థ విశాఖ జిల్లా మొక్కల మీద సుబ్బారావు, కుమారి గార్లు రాసిన పుస్తకాన్ని రెండు సంపుటాలుగా వేసింది. మన జిల్లా కొండల్లో ఉన్న చెట్టైతే పేరు అందులో దొరకవలసిందే. పెరళ్లలోకి కొత్తగా దిగిన విదేశీ చెట్లకే వేరే పుస్తకాలు వెతకాలి.

ఫోన్ల మాట కూడా చెప్పాలి. ఫొటో తీస్తే పేరు చెప్పే యాప్‌లు వచ్చాయి. నాకు వాటిమీద కోపం లేదు. అవి చెప్పిన మొదటి పేరు పట్టుకుని వెళ్లిపోవడం మీదే కోపం. యాప్ నాలుగు పేర్లు ఇస్తే నాలుగూ రాసుకోండి. ఒక్కోదానికి పువ్వెలా ఉండాలో, కాయెలా ఉండాలో చదివి, మీ చెట్టు పూసేదాకా ఆగి సరిచూడండి. ఫొటోలు కూడా చెట్టు మొత్తానికొకటి, బెరడుకొకటి, ఆకు పైవైపు ఒకటి, అడుగువైపు ఒకటి తీయాలి. దూరంనుంచి తీసిన పచ్చటి గుబురు ఫొటో చూసి చెట్టు పేరు చెప్పినవాడు ఊహించి చెప్పినట్టే.

పేరు అప్పటికీ తేలకపోతే రెమ్మ సిద్ధం చేసుకోండి. పువ్వో కాయో ఉన్న మూరెడు రెమ్మ కోసి, పాత పేపర్ల మధ్య ఆకులు మడతపడకుండా పరిచి, పైన బరువు పెట్టండి. ఒకటి రెండు ఆకులు తిరగేసి, అడుగువైపు కనిపించేలా పెట్టాలి. రోజూ పేపరు మార్చండి, మన ఊరి తేమకి మార్చకపోతే బూజు పడుతుంది. పక్కన ఒక కాగితం మీద ఏ పేట, ఏ తేదీ, చెట్టు ఎంత ఎత్తు, రొమ్ము ఎత్తున మాను చుట్టుకొలత ఎంత, పువ్వు రంగు, వాసన, పాలున్నాయా లేవా రాయండి. ఎండిన తరువాత రంగూ వాసనా పోతాయి, మీ కాగితమే సాక్ష్యం. మన నగరంలో ఆంధ్ర విశ్వవిద్యాలయం ఉంది, అందులో వృక్షశాస్త్ర విభాగం ఉంది. డిగ్రీ కాలేజీల్లో ఆ పాఠం చెప్పే మేష్టర్లున్నారు. అలా ఎండబెట్టిన రెమ్మ చూస్తే వాళ్లకు ప్రాణం లేచొస్తుంది.

గొడ్డలి మేస్త్రీని పిలిచే ముందు ఇంకొక్క మాట. 2002లో మన రాష్ట్రంలో వచ్చిన వాల్టా చట్టం ప్రకారం, సొంత పెరట్లోదైనా చెట్టు కొట్టాలంటే ముందుగా అధికారి అనుమతి తీసుకోవాలి. ఆ దరఖాస్తులో మొదట అడిగే సంగతుల్లో ఒకటి చెట్టు పేరు.

కార్తికమాసం వచ్చేసరికి ఏడాకులపాల పూస్తుంది, ఆ తరువాత వరసగా బూరుగు, గుర్రపు బాదం పూస్తాయి. మీ పెరటి చెట్టు ఏదైనా, అది పూసేదాకా ఆగండి. మేష్టర్ల దగ్గరికి వెళ్లేవాళ్లు పువ్వో కాయో ఉన్న రెమ్మే పట్టుకెళ్లండి. ఒట్టి ఆకు పట్టుకెళితే, పూసినప్పుడు రమ్మని వెనక్కి పంపిస్తారు.